కాయిల్ కొనే ముందు లెక్క కట్టండి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి సీజను మొదలైందంటే రైతు చేతికి వచ్చే డబ్బును రెండు చిన్న యంత్రాలు తేలుస్తాయి. ఒకటి కాటా, రెండోది తేమ మీటరు. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ కొనేటప్పుడు తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది, 12 శాతం దాటితే అసలు కొనదు. తేమ మీటరు ఒక్క శాతం అటూ ఇటూ చూపిస్తే క్వింటాలుకు 81 రూపాయలు అటూ ఇటూ అవుతాయన్నమాట. ఈ రెండు యంత్రాలూ బ్యాటరీతో నడిచేవే, బ్యాటరీ వోల్టేజీ పొద్దున ఉన్నట్టు సాయంత్రం ఉండదు. మారే వోల్టేజీ మీద నడుస్తూ మారని అంకె చూపించాలంటే లోపల ఏదో ఒక ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు గురించే ఈ అధ్యాయం. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్లలో ఎలక్ట్రానిక్ వస్తువులు బాగుచేస్తూ, రేపు సొంతంగా ఏదైనా తయారు చేయాలనుకునే వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బ్యాటరీ వస్తువు అనగానే కాయిల్ ఉన్న, వోల్టేజీ పెంచే బూస్ట్ మాడ్యూలో, తగ్గించే బక్ మాడ్యూలో తెప్పించి అతికించడం ఇప్పుడు అలవాటైపోయింది. చేతిలో పట్టుకునే చిన్న యంత్రాల్లో చాలావాటికి ఆ కాయిల్ అక్కర్లేదని నా వాదన. అభిరుచి కొద్దీ అంటున్న మాట కాదిది, లెక్క కడితే తేలే సంగతి.

రెగ్యులేటర్ వెతికే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ యంత్రానికి స్థిరమైన వోల్టేజీ నిజంగా కావాలా? కాటానే తీసుకోండి. బరువు పడినప్పుడు లోడ్ సెల్‌లోని లోహం కంటికి కనిపించనంత వంగుతుంది, దానికి అంటించిన సన్నని రెసిస్టర్ల విలువ మారుతుంది. మామూలు లోడ్ సెల్ పూర్తి బరువు మీద, తనకిచ్చిన ఒక్కో వోల్టుకు సుమారు 2 మిల్లీవోల్టులు తిరిగి ఇస్తుంది. 4 వోల్టులిస్తే 8 మిల్లీవోల్టులు, 3 వోల్టులిస్తే 6. బ్యాటరీ దిగితే బరువు కూడా తగ్గినట్టు కనిపించాలి కదా అనిపిస్తుంది. అలా జరగకపోవడానికి కారణం, ఆ మిల్లీవోల్టులను అంకెగా మార్చే చిప్పు వాటిని లోడ్ సెల్‌కు ఇచ్చిన వోల్టేజీతోనే పోల్చి కొలవడం. రెండూ ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి కదలదు, అంకె కదలదు. ఈ పద్ధతిలో వోల్టేజీ ఎంతుందన్నది దాదాపు అప్రస్తుతం. కొలిచే ఆ క్షణంలో అది వణకకుండా ఉంటే చాలు. చవక కాటాల్లో విరివిగా కనిపించే హెచ్‌ఎక్స్ 711 చిప్పు ఇలాగే పనిచేస్తుంది. లోడ్ సెల్‌కు వోల్టేజీ ఇచ్చే రెగ్యులేటర్ కూడా అందులోనే ఉంది. బయట ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిపితే పూర్తవుతుంది. వచ్చే సప్లయి కంటే 0.1 వోల్టు తక్కువగా అవుట్‌పుట్ పెట్టుకుంటే సరిపోతుంది. కాయిల్ ఊసే లేదు.

మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఎమ్మిగనూరులో ఇదే సంగతి ఇంకా సన్నని తూకంలో కనిపిస్తుంది. నూలు కౌంటు అంటేనే తూకం. పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అంత కౌంటు. 60 కౌంటు నూలు వంద మీటర్లు 0.98 గ్రాములు తూగితే, 58 కౌంటుది 1.02 గ్రాములు తూగుతుంది. రెండు సన్న సెల్లులతో నడిచే జేబు కాటాలో ఈ తేడా చివరి అంకెల్లో మాత్రమే కనిపిస్తుంది. సెల్లులు సగం అరిగాక కూడా ఆ చివరి అంకె నమ్మదగ్గదిగా ఉందంటే, అది ఖరీదైన రెగ్యులేటర్ చలవ కాదు. నిష్పత్తిని కొలిచే పద్ధతి చలవ. డిజైన్ మొదలుపెట్టేవాళ్లు ముందు ఈ అవకాశం ఉందేమో చూసుకోవాలి. మీ సెన్సారు రెసిస్టర్ రకమైతే, దాన్నీ, కొలిచే చిప్పు రిఫరెన్సునూ ఒకే తీగ మీద పెట్టండి. సగం సమస్య అక్కడే పోతుంది.

తేమ మీటరు కథ కొంచెం వేరు. పత్తిలో రెండు మొనలు గుచ్చి విద్యుత్ నిరోధం కొలిచే రకాన్ని తీసుకుందాం. పత్తి నిరోధం తేమతో పాటు మెల్లగా తగ్గదు, సుమారు పదో ఘాతం చొప్పున పడిపోతుంది. తేమ 10 శాతం నుంచి 11కు పెరిగితేనే నిరోధం దాదాపు రెండున్నర రెట్లు తగ్గిపోతుంది. ఇప్పుడు రెగ్యులేటర్ లేని మీటరులో బ్యాటరీ 20 శాతం దిగిందనుకోండి. కరెంటు 20 శాతం తగ్గుతుంది, మీటరు దాన్ని పొడి పత్తిగా అర్థం చేసుకుంటుంది. ఎంత పొడిగా? లెక్క కడితే 12 శాతం తేమ ఉన్న పత్తి 11.7గా కనిపిస్తుంది. పావు శాతానికి కాస్త ఎక్కువ తేడా, క్వింటాలుకు 21 రూపాయల పైచిలుకు. 12 దగ్గర ఊగిసలాడే పత్తికి మాత్రం ఆ పావు శాతమే కొంటారా, వెనక్కి పంపుతారా అన్నది తేలుస్తుంది. అరిగిన బ్యాటరీ పత్తి అమ్మేవాడికి మేలు చేస్తుంది కదా అని ఊరుకోవడానికి లేదు. మర్నాడు కొత్త బ్యాటరీ వేస్తే అదే పత్తి ఎక్కువ తేమ చూపించి గొడవకు దారి తీస్తుంది. కాబట్టి ఇక్కడ స్థిరమైన వోల్టేజీ కావాలి. ఎంత స్థిరంగా అన్నది కూడా అదే లెక్క చెబుతుంది. వోల్టేజీ ఒక శాతం మారితే 12 శాతం తేమ దగ్గర వచ్చే తప్పు 0.012 మాత్రమే. పత్తిని ఎంత గట్టిగా అదిమారు, బోరెంలో ఎక్కడ గుచ్చారు అన్న వాటి వల్ల వచ్చే తేడా ముందు ఇది లెక్కలోకి రాదు. కాయిల్ లేని చవక లీనియర్ రెగ్యులేటర్ ఇక్కడ అవసరానికి మించిన పని చేస్తుంది.

కాయిల్ లేకుండా ఖచ్చితమైన కొలత సాధ్యమా అని అనుమానం ఉన్నవాళ్లు తమ బల్ల మీదున్న మల్టీమీటరునే చూడొచ్చు. రిపేరు షాపుల్లో కనిపించే చవక పసుపు మీటర్లలో పనిచేసేది ఐసీఎల్ 7106 వంశపు చిప్పు. అది 9 వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడుస్తుంది, తీసుకునేది సుమారు ఒక మిల్లీయాంప్. లోపల ఒక రిఫరెన్సు ఉండి, బ్యాటరీ పైకొస కంటే 2.8 వోల్టుల కింద ఒక స్థిరమైన బిందువును నిలబెడుతుంది. మొత్తం వోల్టేజీ 7కు పైన ఉన్నంతకాలం ఆ బిందువు కదలదు. అంతకంటే దిగితే రిఫరెన్సు కుంగుతుంది, మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వోల్టేజీ చూపించడం మొదలుపెడుతుంది. బ్యాటరీ గుర్తు కనిపించగానే సెల్లు మార్చమనడానికి కారణం ఇదే. ఏ రెగ్యులేటర్‌కైనా ఇలాంటి గీత ఒకటి ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో తెలియకుండా భాగాన్ని ఎంచుకుంటేనే చిక్కు.

ఇప్పుడు అందరూ లేవనెత్తే అభ్యంతరానికి వద్దాం. లీనియర్ రెగ్యులేటర్ ఎక్కువైన వోల్టేజీని వేడిగా తగలేస్తుంది, కాయిల్ ఉన్నదైతే 90 శాతం సామర్థ్యం ఇస్తుంది కదా అంటారు. మొదటి సగం నిజమే. లీనియర్ రెగ్యులేటర్ సామర్థ్యం అవుట్‌పుట్ వోల్టేజీని ఇన్‌పుట్ వోల్టేజీతో భాగిస్తే వచ్చేదే. 9 వోల్టుల నుంచి 5 తీస్తే 56 శాతం. ఆ ఒక్క అంకె చూసే లీనియర్ అంటే దండగ అన్న పేరు వచ్చింది. లిథియం అయాన్ సెల్లు నుంచి 3.3 వోల్టులు తీస్తే ఏమవుతుందో చూడండి. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టుల దగ్గర 79 శాతం, ఎక్కువసేపు నిలిచే 3.7 దగ్గర 89 శాతం, 3.5 దగ్గర 94 శాతం. 2 మిల్లీయాంపులు తీసుకునే యంత్రమైతే లీనియర్ రెగ్యులేటర్ ద్వారా సెల్లు నుంచి 2 మిల్లీయాంపులే వెళ్తాయి. 90 శాతం సామర్థ్యమున్న కాయిల్ కన్వర్టర్ 3.7 వోల్టుల దగ్గర 1.98 మిల్లీయాంపులు తీసుకుంటుంది. వెయ్యి గంటల మీద మిగిలేది పది గంటలు. పైగా డేటాషీటులో కనిపించే ఆ 90 శాతం పదుల, వందల మిల్లీయాంపుల లోడు దగ్గర. లోడు మిల్లీయాంపుకు దిగేసరికి చాలా చవక మాడ్యూళ్లు తమ సొంత అవసరానికే కొంత మింగేస్తాయి, ఆ పది గంటలు కూడా మిగలవు. 3.5 వోల్టుల కింద మిగిలిన ఛార్జి వృథా కాదా అని ఇంకో మాట వస్తుంది. తక్కువ లోడు మీద లిథియం సెల్లు ఆ గీతకు వచ్చేసరికి తన ఛార్జిలో చాలా భాగం ఇచ్చేసి ఉంటుంది. మిగిలేది పదో వంతుకు అటూ ఇటూ. దాన్ని పూర్తిగా పిండకుండా వదిలేస్తే సెల్లు ఆయుష్షు పెరుగుతుంది.

లీనియర్ రెగ్యులేటర్‌కు చెడ్డపేరు రావడానికి సూత్రం కంటే ఎంపికే ఎక్కువ కారణమని నా నమ్మకం. ఎక్కడ చూసినా కనిపించే ఏఎంఎస్ 1117లో 3.3 వోల్టుల రకాన్ని తీసుకోండి. అది పనిచేయాలంటే ఇన్‌పుట్ అవుట్‌పుట్ కంటే సుమారు 1.1 వోల్టులు ఎక్కువ ఉండాలి, అంటే 4.4. లిథియం సెల్లు నిండా నింపినా 4.2 దాటదు. ఆ సెల్లు మీద ఆ రెగ్యులేటర్ ఒక్క క్షణం కూడా రెగ్యులేట్ చేయదు, అయినా వేల బోర్డుల్లో అలాగే పెట్టేస్తున్నారు. పైగా తన సొంత ఖర్చుకు 5 మిల్లీయాంపులు తీసుకుంటుంది. 2 మిల్లీయాంపుల యంత్రానికి 5 మిల్లీయాంపుల కాపలా. అదే పనికి ఎంసీపీ 1700 పెడితే సొంత ఖర్చు 1.6 మైక్రోయాంపులు, తక్కువ లోడు మీద పదుల మిల్లీవోల్టుల తేడా ఉన్నా చాలు. 9 వోల్టుల బ్యాటరీ మీద 7805 పెట్టడం కూడా ఇలాంటిదే. ఏ లోడూ లేకపోయినా దాని సొంత 5 మిల్లీయాంపులే 500 మిల్లీయాంప్ గంటల బ్యాటరీని వంద గంటల్లో ఖాళీ చేస్తాయి, పైగా బ్యాటరీ 7 వోల్టులకు దిగితే 7805 పని ఆపేస్తుంది. మార్కెట్లలో వాడే పెద్ద కాటాల్లోని 6 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీకి 7805 ఎందుకూ పనికిరాదు. 0.2 వోల్టు తేడాతోనే పనిచేసే 5 వోల్టుల లీనియర్ రెగ్యులేటర్ (ఎల్‌డీవో) అయితే బ్యాటరీ ఆపేయాల్సిన 5.25 వోల్టుల వరకూ తోడుంటుంది, 80 శాతం పైన సామర్థ్యం ఇస్తుంది. డేటాషీటులో రెండు అంకెలు చూడండి. డ్రాపౌట్ (ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య ఉండాల్సిన కనీస తేడా) ఎంత, సొంత ఖర్చు ఎంత. ధర ఆ తర్వాతి సంగతి.

వేడి గురించిన అభ్యంతరం మాత్రం గట్టిది, మన ప్రాంతంలో ఇంకా గట్టిది. ఎండాకాలం నీడలోనే 40 డిగ్రీలు దాటే చోట ఎండలో పెట్టిన ప్లాస్టిక్ డబ్బా లోపల ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. మూడు కాళ్ల బుల్లి రెగ్యులేటర్ ఒక వాటు వేడి విడుదల చేస్తే గాలి కంటే సుమారు 300 డిగ్రీలు ఎక్కుతుంది. నిండు లిథియం సెల్లు నుంచి 3.3 వోల్టులు, 250 మిల్లీయాంపులు తీస్తే వేడి 0.225 వాటు, పెరుగుదల 67 డిగ్రీలు. డబ్బా లోపల 60 ఉంటే చిప్పు 127కు చేరుతుంది. దాని హద్దు 125, అది దాటినట్టే. అదే చిప్పు నుంచి 20 మిల్లీయాంపులు తీస్తే పెరుగుదల 6 డిగ్రీలు కూడా ఉండదు. అందుకే ఈ వాదనకు నేను పెట్టే హద్దు కరెంటే. పదుల మిల్లీయాంపుల వరకూ నిశ్చింతగా ఉండొచ్చు. వంద దాటితే కాగితం మీద వేడి లెక్క కట్టకుండా ముందుకు వెళ్లకండి.

వోల్టేజీ తగ్గించడం వరకూ సరే, పెంచాలంటే? లీనియర్ రెగ్యులేటర్ అది చేయలేదు. రెండు సన్న సెల్లులు కలిపి 3 వోల్టులతో మొదలై 1.8కి దిగుతాయి. హెచ్‌ఎక్స్ 711 చిప్పుకు కనీసం 2.6 వోల్టులు కావాలి, తెల్ల ఎల్ఈడీ వెలగాలంటే 3 పైన కావాలి. ఇక్కడికి వచ్చేసరికి కాయిల్ తప్పదనుకుంటారు, కానీ కెపాసిటర్లతోనే పెంచే పద్ధతి చాలా పాతది. 1932లో కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ పరమాణు కేంద్రకాన్ని చీల్చడానికి లక్షల వోల్టులు పుట్టించింది కెపాసిటర్లు, డయోడ్ల నిచ్చెనతోనే. 1976లో డిక్సన్ ఆ ఆలోచనను చిప్పు లోపలికి తెచ్చాడు. ఐసీఎల్ 7660 లాంటి చిప్పులు దాన్ని అందరికీ అందుబాటులో పెట్టాయి. దీన్నే ఛార్జ్ పంప్ అంటారు. ఒక కెపాసిటర్‌ను బ్యాటరీకి కలిపి నింపడం, తర్వాత దాన్ని బ్యాటరీ నెత్తిన పెట్టి రెండింటి వోల్టేజీనీ కలిపి అవతలి కెపాసిటర్‌లో పోయడం, ఇదే సెకనుకు వేలసార్లు. బావిలో నీళ్లు బిందెతో తోడి తొట్టి నింపినట్టే. బిందె ఎంత పెద్దది, నిమిషానికి ఎన్నిసార్లు తోడుతున్నారు అన్న రెండింటి మీదే ఎంత నీరు ఇవ్వగలరన్నది ఆధారపడుతుంది. ఇక్కడ బిందె కెపాసిటర్, తోడే వేగం ఫ్రీక్వెన్సీ. 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలోహెర్ట్జ్ వేగం అయితే లోపలి నిరోధం లెక్క ప్రకారం 10 ఓములు. దానికి స్విచ్చుల నిరోధం కలుస్తుంది. ఐసీఎల్ 7660లో అన్నీ కలిసి 50 ఓముల పైన తేలుతుంది. 10 మిల్లీయాంపులు తీస్తే అర వోల్టు పోతుంది. ఈ లెక్క తెలియక పెద్ద లోడు తగిలించి, ఛార్జ్ పంప్ పనిచేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ.

సామర్థ్యంలో కాయిల్ కంటే ఇది తక్కువే, దాచాల్సింది లేదు. వోల్టేజీని రెట్టింపు చేసి 3.3 దగ్గర నిలబెట్టే పంపు 2.4 వోల్టుల సెల్లుల మీద 69 శాతం ఇస్తుంది. 1000 మిల్లీయాంప్ గంటల సెల్లులతో 10 మిల్లీయాంపుల లోడును ఎడతెరిపి లేకుండా నడిపితే ఛార్జ్ పంప్‌తో 50 గంటలు, 85 శాతం కాయిల్ కన్వర్టర్‌తో 62 గంటలు వస్తాయి. ఆ పన్నెండు గంటలు నిజమైనవే. కానీ జేబు కాటా ఎడతెరిపి లేకుండా ఎందుకు నడవాలి? 350 ఓముల లోడ్ సెల్ 3 వోల్టుల మీద ఒక్కటే 8.6 మిల్లీయాంపులు తీసుకుంటుంది. 1000 ఓముల లోడ్ సెల్ ఎంచుకుంటే అది 3కు దిగుతుంది. తూకానికీ తూకానికీ మధ్య హెచ్‌ఎక్స్ 711ను నిద్రపుచ్చితే దాని రెగ్యులేటర్ లోడ్ సెల్‌కు కరెంటు కూడా ఆపేస్తుంది, ఖర్చు మైక్రోయాంప్ కిందికి పోతుంది. పది సెకన్లలో ఒక్క సెకనే మేల్కొంటే 50 గంటలు 500 అవుతాయి. కాయిల్ ఇచ్చే 24 శాతం కోసం వెతుకుతూ, ఆపేస్తే వచ్చే పది రెట్లు వదిలేయడం తెలివైన పని కాదు. బ్యాక్‌లైట్ కూడా అంతే. మిట్టమధ్యాహ్నం యార్డులో బ్యాక్‌లైట్ తెర కంటే మామూలు ఎల్‌సీడీ అంకెలే స్పష్టంగా కనిపిస్తాయి. ఏటీమెగా 328 లాంటి మైక్రోకంట్రోలర్లు వేగం తగ్గించి నడిపితే 1.8 వోల్టుల దాకా పనిచేస్తాయి, వాటికి రెగ్యులేటర్ కూడా అక్కర్లేదు. వోల్టేజీ పెంచాల్సింది ఏ ఒక్క భాగానికో చూసి, దానికి మాత్రమే చిన్న పంపు పెట్టండి.

కాయిల్‌ను ఎందుకింత దూరం పెట్టాలి అని అడగొచ్చు, మాడ్యూలు కారుచౌకగా దొరుకుతుంది కదా. ధర గురించి నాకు పేచీ లేదు. కాయిల్ మీద 101 అని రాసి ఉంటే అది 100 మైక్రోహెన్రీలని తెలుస్తుంది, ఎంత కరెంటు దగ్గర దాని కోర్ చేతులెత్తేస్తుందో తెలియదు. ఆసిలోస్కోప్ లేని షాపులో అది తేల్చుకునే దారి లేదు. ఈ కన్వర్టర్ల స్విచ్చింగ్ వేగం చాలాసార్లు 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ వరకూ ఉండే ఆకాశవాణి మీడియం వేవ్ బ్యాండులోనే పడుతుంది. మైక్రోవోల్టుల్లో కొలిచే లోడ్ సెల్ పక్కన ఆ రొద పెట్టుకుని, తర్వాత దాన్ని వడగట్టడానికి ఎల్‌డీవో కలపడం నాకు చాలా డిజైన్లలో అనవసరంగా కనిపించే రెండింతల పని. ఇది చెప్పాక కాయిల్‌కు న్యాయం చేయాలి. పవర్ బ్యాంకులో 3.7 వోల్టుల నుంచి 5 వోల్టులు, 2 యాంపులు కావాలంటే కాయిలే సరి. రెట్టింపు పంపు అక్కడ మూడో వంతు శక్తిని వేడి చేస్తుంది. శక్తివంతమైన టార్చి, వందల మిల్లీయాంపుల రేడియో మాడ్యూలు కూడా అంతే. నిష్పత్తి సరిగ్గా రెండుకు ఒకటైతే మాత్రం కెపాసిటర్లు పెద్ద కరెంటులోనూ గెలుస్తాయి. ఫాస్ట్ ఛార్జింగ్ ఫోన్లలో వోల్టేజీని సగం చేసే కెపాసిటర్ కన్వర్టర్లు 97 శాతం దాకా ఇస్తున్నాయి.

కెపాసిటర్లే పని చేసే చోట వాటి రకం చూసి కొనాలి. వై5వీ రకం సిరామిక్ కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర తన విలువలో 82 శాతం దాకా పోగొట్టుకోవచ్చు. ఎక్స్7ఆర్ రకం 125 డిగ్రీల వరకూ 15 శాతం లోపే మారుతుంది. అయితే రెండూ వోల్టేజీ కింద కొంత కుంచించుకుపోతాయి, కాబట్టి 3.3 వోల్టుల చోట 6.3 వోల్టులది కాకుండా 16 వోల్టులది వేయండి. మన ఎండలకు ఈ జాగ్రత్త చాలా ముఖ్యం. ఏఎంఎస్ 1117 లాంటి పాత రెగ్యులేటర్ల డేటాషీటు 22 మైక్రోఫారడ్ టాంటలం అడుగుతుంది. అక్కడ సిరామిక్ వేస్తే అవుట్‌పుట్ ఊగిపోవచ్చు. ఎంసీపీ 1700కు 1 మైక్రోఫారడ్ సిరామిక్ చాలు. అన్నీ బిగించాక ఒక పరీక్ష చేయండి. బ్యాటరీ బదులు వోల్టేజీ మార్చగలిగే సప్లయి తగిలించి, నిండు బ్యాటరీ వోల్టేజీ నుంచి ఆపేయాల్సిన వోల్టేజీ దాకా మెల్లగా దించుతూ, ఒకే బరువును కాటా మీద ఉంచి అంకె చూడండి. చివరి అంకె కదలకపోతే మీ రెగ్యులేటర్ సరైనదే. కదిలిన చోట వోల్టేజీ రాసుకుని, ఆ గీతకు కాస్త పైన యంత్రం తనంతట తాను ఆగిపోయేలా ప్రోగ్రాం రాయండి. తప్పు అంకె చూపించే యంత్రం కంటే ఆగిపోయిన యంత్రం మేలు.

ఈ ప్రయోగాలన్నీ మీ సొంత బోర్డు మీదే చేయండి. మార్కెట్లో అమ్మకాలకు వాడే కాటా తూనికలు కొలతల శాఖ ముద్రతో ఉంటుంది. 2009 చట్టం ప్రకారం దాన్ని బాగుచేయడానికి లైసెన్సు కావాలి, సీలు తీస్తే మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించే దాకా దాని మీద ఒక్క బస్తా కూడా తూచకూడదు. ఈ పనినే బతుకుతెరువు చేసుకోవాలనుకుంటే ముందు ఆ రిపేరర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోండి.